పాఠశాలల్లో కుంగుబాటు స్క్రీనింగ్

పాఠశాలల్లో కుంగుబాటు స్క్రీనింగ్ అనగా బడిలో చదివే పిల్లలలో మానసిక కుంగుబాటు లక్షణాలు ఉన్నవారిని, వారు తమంతట తాము చెప్పుకొనక ముందే, ఒక చిన్న ప్రశ్నావళి సాయంతో గుర్తించే పద్ధతి. కుంగుబాటును వైద్యులు డిప్రెషన్ అని వ్యవహరిస్తారు. స్క్రీనింగ్ రోగ నిర్ధారణ కాదు. బియ్యం జల్లించినట్లుగా, మరింత శ్రద్ధతో చూడవలసిన వారిని వేరు చేయుట మాత్రమే దీని పని. ఆ తరువాత శిక్షణ పొందిన వ్యక్తి ఎదురుగా కూర్చొని మాట్లాడినప్పుడే అది జబ్బా, తాత్కాలికమైన దిగులా, లేక వేరొక శారీరక కారణమా అన్నది తేలుతుంది.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో కళ్ళకు, పళ్ళకు, రక్తహీనతకు పరీక్షలు చాలా కాలంగా జరుగుతున్నాయి. మనసుకు సంబంధించిన పరీక్షను వీటితో పాటు చేర్చవచ్చునా, చేర్చితే ఆ తరువాత ఏమి చేయాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన విషయం. కోనసీమలోని పలివెల వంటి గ్రామాల దృష్టితో దీనిని పరిశీలించినప్పుడు కొన్ని చిక్కులు స్పష్టంగా కనిపిస్తాయి.

పిల్లలలో కుంగుబాటు

కుంగుబాటు ఉన్న పెద్దవారు సాధారణంగా విచారంగా కనిపిస్తారు. పిల్లలలో అలా కాకపోవచ్చును. చీటికి మాటికి చిరాకు పడుట, స్నేహితులతో ఆటలు మానివేయుట, మార్కులు హఠాత్తుగా పడిపోవుట, కారణం తెలియని తలనొప్పి, కడుపునొప్పి, బడికి వెళ్ళనని మొండికేయుట - ఇవి కుంగుబాటు రూపాలు కావచ్చును. ఇటువంటి లక్షణాలు కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ ఉండి, చదువుకు, ఆటకు, తిండికి అడ్డు తగిలినప్పుడు వైద్యులు దానిని కుంగుబాటుగా పరిగణిస్తారు. పరీక్ష తప్పినందుకు రెండు రోజులు ఏడ్చిన పిల్లవాడికి ఈ పేరు పెట్టరాదు.

తెలుగులో ఈ స్థితికి దగ్గరి మాటలు దిగులు, బెంగ, వ్యాకులత, నిస్పృహ. వీటిలో "బెంగ" అనే మాట ప్రత్యేకమైనది. తల్లి ఊరికి వెళ్ళినప్పుడు బిడ్డకు వచ్చే జ్వరాన్ని సైతం "బెంగ జ్వరం" అనుట వాడుకలో ఉంది. మనసులోని బాధ శరీరంలో కనిపిస్తుందని పల్లె జనానికి ఎప్పుడో తెలుసునని దీనిని బట్టి అనుకొనవచ్చును. అయితే "పిచ్చి" అనే మాటకు ఉన్న భయం వలన, మానసిక వైద్యుని వద్దకు వెళ్ళుట అంటే మాత్రం కుటుంబాలు వెనుకాడుతాయి. ఆడపిల్ల విషయంలో పెళ్ళి సంబంధాలకు అడ్డు వస్తుందన్న జంకు కూడా తోడవుతుంది. దిష్టి తీయుట, తాయెత్తు కట్టించుట వంటివి ముందుగా జరుగుతాయి. వాటి వలన వచ్చే నష్టంకన్నా, ఆ లోపు గడిచిపోయే నెలల వలన కలిగే నష్టమే ఎక్కువ.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. 13 నుండి 17 సంవత్సరాల వయసు వారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు, 2.6 శాతం మందికి కుంగుబాటు ఉన్నట్లు అందులో తేలింది. ఆ 12 రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ గాని, తెలంగాణ గాని లేవు. కావున తెలుగు పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెలను అంచనాగానే తీసుకొనవలెను. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022 జనవరి నుండి మార్చి వరకు 3,79,842 మంది విద్యార్థులతో జరిపిన మరొక సర్వేలో, తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలు కారణమని 81 శాతం మంది తెలిపారు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో 2021 లో 13,089 మంది, 2022 లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వీటన్నిటికీ కుంగుబాటే కారణమని చెప్పలేము. కుంగుబాటు ఉన్నవారిలో అత్యధికులు ఇటువంటి ప్రయత్నం చేయరు. అయినను, ముందుగా గుర్తించి సాయం అందించగలిగిన కారణాలలో కుంగుబాటు ముఖ్యమైనది. బడుల్లో స్క్రీనింగ్ కావాలన్న వాదన ఇక్కడి నుండే మొదలవుతున్నది.

బడిలో ఆరోగ్య పరీక్షల నేపథ్యం

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ లో 2010 నవంబరు 14 న జవహర్ బాల ఆరోగ్య రక్ష అనే పాఠశాల ఆరోగ్య పథకం ప్రారంభమైనది. 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దీని ప్రకారం వైద్య బృందాలు అంగన్వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వెళ్ళి, 18 సంవత్సరాల లోపు పిల్లలలో పుట్టుక లోపాలు, పోషక లోపాలు, బాల్య వ్యాధులు, ఎదుగుదలలో జాప్యాలు అనే నాలుగు తరగతుల కింద 30 రకాల సమస్యలను పరీక్షిస్తాయి. ఈ జాబితాలో గ్రహణం మొర్రి ఉన్నది, గుండె జబ్బులు ఉన్నవి, పిప్పి పళ్ళు ఉన్నవి. ఆటిజం, అభ్యసన లోపాలు, ఏకాగ్రత లోపం కూడా ఉన్నవి. కుంగుబాటు లేదు.

2014 జనవరి 7 న ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుండి 19 సంవత్సరాల వారి కొరకు ఉద్దేశించినది. దాని ఆరు ముఖ్యాంశాలలో మానసిక ఆరోగ్యం ఒకటి. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య రాయబారులుగా శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉన్నది. వారు బోధించే 11 అంశాలలో భావోద్వేగ, మానసిక ఆరోగ్యం చేరి ఉన్నది. అనగా మనసు గురించి పాఠం చెప్పే ఏర్పాటు కాగితంపై ఉన్నది. ఒక్కొక్క పిల్లవాడిని అడిగి చూసే ఏర్పాటు మాత్రం పైన చెప్పిన 30 సమస్యల జాబితాకు బయటనే ఉండిపోయినది.

పోలికకు కంటి పరీక్షలను చూడవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ లో 2019 అక్టోబరు 10 న ప్రారంభమైన కంటి వెలుగు పథకం మొదటి దశలో సుమారు 66 లక్షల మంది విద్యార్థులకు కంటి పరీక్షలు చేశారు. (ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కూడా అక్టోబరు 10 నే జరుపుకొనుట యాదృచ్ఛికం.) ఉపాధ్యాయుడు గోడకు పట్టిక తగిలించి అక్షరాలు చదివిస్తాడు, చదవలేని పిల్లవాడిని కంటి వైద్యుడు చూస్తాడు, అద్దాలు వస్తాయి. కథ అక్కడితో ముగుస్తుంది. కుంగుబాటు విషయంలో పట్టిక సులభంగా దొరుకుతుంది. అద్దాలు దొరకుటయే కష్టం.

ప్రశ్నావళి

ఈ పనికి ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది పి.హెచ్.క్యు-9. రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోయంకీ అనే అమెరికా పరిశోధకులు దీనిని రూపొందించారు. దీని ప్రామాణికతపై అధ్యయనం 2001 లో ప్రచురించబడినది. దీనిని వాడుటకు రుసుము లేదు. గడచిన రెండు వారాలలో ఆసక్తి, మానసిక స్థితి, నిద్ర, నీరసం, ఆకలి, తనపై తనకున్న అభిప్రాయం, ఏకాగ్రత, కదలికలలో మార్పు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన - ఈ తొమ్మిది విషయాలపై ప్రశ్నలుంటాయి. ఒక్కొక్క దానికి సున్నా నుండి 3 వరకు మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 లేక అంతకు మించి వచ్చినవారిని తదుపరి పరీక్షకు పంపుతారు. బడి మార్కులకు విరుద్ధంగా ఇక్కడ తక్కువ వచ్చుటే మేలు. ఈ సంగతిని పిల్లలకు ముందే చెప్పవలసి ఉంటుంది. కౌమార వయస్కుల కొరకు సవరించిన రూపంలో ఏకాగ్రతకు సంబంధించిన ప్రశ్నలో బడి పనిని చేర్చారు. మరియా కొవాక్స్ రూపొందించిన బాలల కుంగుబాటు సూచిక, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐదు ప్రశ్నల పట్టిక కూడా వాడుకలో ఉన్నాయి.

తొమ్మిదవ ప్రశ్న మిగిలిన వాటి వంటిది కాదు. దానికి "అవును" అని సమాధానం వచ్చినచో మొత్తం మార్కులు ఎన్ని అన్న దానితో నిమిత్తం లేకుండా ఆ పిల్లవాడితో ఆ రోజే ఒక పెద్దవారు మాట్లాడవలెను. కాగితాలు కట్టగట్టి బీరువాలో పెట్టి వచ్చే వారం చూద్దామనుకొనే బడి ఈ ప్రశ్న అడగకుండుటే మంచిది. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం చాలామందిలో ఉన్నది. సానుభూతితో అడుగుట వలన అటువంటి ఆలోచనలు పెరగవని ఈ విషయంపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి.

తెలుగులోకి మార్చేటప్పుడు మాట ఎంపిక ముఖ్యం. "నిరాశకు లోనయ్యారా" అన్న గ్రాంథికపు ప్రశ్న ఎనిమిదవ తరగతి పిల్లవాడికి పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలా కనిపిస్తుంది. "దిగులుగా ఉంటోందా", "ఏ పని మీదా మనసు పోవడం లేదా" అన్నచో సూటిగా తగులుతుంది.

లెక్కలోని చిక్కు

మొదటి అధ్యయనంలో పి.హెచ్.క్యు-9 జబ్బు ఉన్నవారిలో 88 శాతం మందిని పట్టుకొనగలిగినది, జబ్బు లేనివారిలో 88 శాతం మందిని లేదని చెప్పగలిగినది. ఆ అధ్యయనం పెద్దవారిపై జరిగినది. అదే సామర్థ్యం పిల్లలలో కూడా ఉంటుందనుకొని ఒక ఉదాహరణ చూడవచ్చును. ఒక ఉన్నత పాఠశాలలో 8, 9, 10 తరగతులలో 300 మంది ఉన్నారని, వారిలో 3 శాతం, అనగా 9 మందికి నిజంగా కుంగుబాటు ఉన్నదని అనుకొందాము. పరీక్ష ఆ 9 మందిలో 8 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 291 మందిలో 12 శాతం, అనగా దాదాపు 35 మందిని కూడా జబ్బు లేకున్నా జాబితాలో చేరుస్తుంది. వెరసి 43 పేర్లు. వీరిలో అసలైనవారు 8 మంది, అనగా అయిదుగురిలో ఒక్కరు.

దీనిని బట్టి పరీక్ష పనికిరాదని అర్థం కాదు. ఆ 8 మందిలో కొందరు ఎవరికీ తెలియకుండా ఉన్నవారు. అయితే 43 మందితో విడివిడిగా మాట్లాడుటకు మనిషి, సమయం, తలుపు వేసుకొనగల గది కావలెను. లేనిచో మిగిలిన 35 మంది మీద అనవసరమైన ముద్ర పడుతుంది.

తప్పుగా జాబితాకెక్కే అవకాశం ఆంధ్ర ప్రదేశ్ లో మరి కొంత ఎక్కువ. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 సంవత్సరాల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. నీరసం, ఆకలి లేకపోవుట, చదువుపై ధ్యాస నిలవకపోవుట రక్తహీనతలోనూ ఉంటాయి. కావున ఎక్కువ మార్కులు వచ్చిన ఆడపిల్లకు ముందుగా రక్త పరీక్ష చేయించుట సమంజసం. పరీక్ష జరిపే నెలను కూడా చూడవలెను. మార్చిలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షల ముందు, తెల్లవారుజామున లేచి చదివి, ఉదయం సాయంత్రం ప్రత్యేక తరగతులకు హాజరయ్యే పిల్లలను నిద్ర గురించి, అలసట గురించి అడిగితే తరగతి మొత్తానికి మార్కులు పెరుగుతాయి.

కోనసీమలో పరిస్థితి

పలివెల, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, కొత్తపేట మండలంలోని గ్రామం. ఉమా కొప్పేశ్వర స్వామి ఆలయం వలన ప్రసిద్ధి పొందినది. 2022 ఏప్రిల్ 4 న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. గోదావరి పాయల నడుమ కొబ్బరి తోటలు, వరి చేలతో పచ్చగా కనిపించే ఈ ప్రాంతంలో పిల్లల మనసుకు కష్టమేమిటన్న ప్రశ్న బయటివారికి కలుగవచ్చును.

కోనసీమ నుండి, ముఖ్యంగా రాజోలు, అమలాపురం ప్రాంతాల గ్రామాల నుండి, కువైట్, మస్కట్, దుబాయి వంటి చోట్లకు పనుల కొరకు వెళ్ళేవారు ఎక్కువ. ఇళ్ళలో పనికి వెళ్ళే తల్లులు కూడా వారిలో ఉన్నారు. పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల వద్ద పెరుగుతారు. డబ్బు వస్తుంది, ఇల్లు లేస్తుంది, తల్లి ఫోనులో కనిపిస్తుంది. ఆ బిడ్డకు ఉన్న బెంగను కొలిచే కొలత ఇంట్లో ఎవరి వద్దా ఉండదు. రోజూ చూసే ఉపాధ్యాయునికే మార్పు ముందుగా కనిపించే అవకాశం ఉన్నది.

విపత్తులు మరొక కారణం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమను తుడిచిపెట్టినది. 2014 జూన్ 27 న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలుడు జరిగినది. 2022 జూలైలో గోదావరి వరదకు లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇటువంటి సంఘటనల తరువాత నష్టపరిహారం లెక్కలో ఇల్లు, పంట, పశువులు చేరుతాయి. పిల్లల నిద్రలేమి ఏ పట్టికలోనూ చేరదు.

వైద్యం సంగతికి వస్తే, మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 లో మొదలైనది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 లో మొదట నాలుగు జిల్లాలలో ప్రవేశపెట్టబడినప్పుడు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ నుండి మెదక్ జిల్లాను ఎంపిక చేశారు. పలివెల పిల్లవాడి విషయంలో సాధారణ జబ్బులకు కొత్తపేట సరిపోతుంది. మానసిక వైద్యుని కొరకు అమలాపురం గాని, రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం గాని, లేదా రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి గాని వెళ్ళవలసి ఉంటుంది. ఒక్కసారి వెళ్ళివచ్చుట కాదు, నెలల పాటు తిరగవలెను. కూలికి వెళ్ళే తండ్రికి ప్రతి ప్రయాణం ఒక రోజు కూలి.

ఎవరు చేయాలి

ఉపాధ్యాయులే ఈ పని చేయవచ్చునన్నది అందరికీ తోచే మొదటి ఆలోచన. బీహార్ లోని నలందా జిల్లాలో జరిగిన సెహర్ అధ్యయనం ఈ ఆలోచనను పరీక్షించినది. 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు భాగాలుగా చేసి, కొన్నింటిలో శిక్షణ పొందిన సామాన్య సలహాదారుని, కొన్నింటిలో అదే శిక్షణ పొందిన ఉపాధ్యాయుని నియమించారు. మిగిలిన వాటిలో మామూలు కార్యక్రమమే నడిచినది. 2018 లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం సలహాదారు ఉన్న బడులలో వాతావరణం మెరుగై, పిల్లలలో కుంగుబాటు లక్షణాలు తగ్గినవి. ఉపాధ్యాయునికి అప్పగించిన బడులలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఆ సలహాదారు మానసిక వైద్యుడు కాడు, ఆ పని కొరకే బడిలో ఉండే మనిషి. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్ లలో ఫోటోలు, ఎన్నికల విధుల నడుమ నలిగే ఉపాధ్యాయునికి ఇది కూడా ఇస్తే ఏమవుతుందో ఊహించుట కష్టం కాదు. పైగా పాఠం అప్పగించలేదని ఉదయం మందలించిన మాస్టారికే మధ్యాహ్నం మనసు విప్పి చెప్పుట ఏ పిల్లవాడికైనా కష్టమే.

సుప్రీం కోర్టు 2025 జూలై 25 న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. 2023 లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి వేసిన కేసు ఇది. దర్యాప్తును సి.బి.ఐ. కి అప్పగిస్తూ, న్యాయస్థానం దేశంలోని విద్యా సంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలను జారీ చేసినది. చట్టం వచ్చే వరకు ఇవి అమలులో ఉంటాయి. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన సలహాదారు కనీసం ఒకరు ఉండవలెను. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకొనవలెను. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండు సార్లు శిక్షణ ఇవ్వవలెను. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయరాదు. ఈ మార్గదర్శకాల దృష్టి ప్రధానంగా సలహాదారులు, శిక్షణ, సహాయ కేంద్రాలపై ఉన్నది. స్క్రీనింగ్ కు ముందు ఉండవలసిన ఏర్పాట్లు కూడా ఇవే కావుట గమనార్హం.

రహస్యం, సమ్మతి

పల్లెటూరిలో రహస్యం నిలుచుట కష్టం. బడిలో పిలిచి మాట్లాడిన పిల్లల పేర్లు సాయంత్రానికి రచ్చబండకు చేరుతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచుకొనే హక్కు కల్పించినది. ఈ చట్టం 2018 మే 29 నుండి అమలులోకి వచ్చినది. మైనర్ల విషయంలో చికిత్సకు తల్లిదండ్రులు లేక సంరక్షకుల ప్రమేయం అవసరం. తల్లి కువైట్ లో, తండ్రి వేరొక ఊరిలో ఉన్న పిల్లవాడి కాగితంపై సంతకం చేయవలసినది ఎవరన్న చిన్న ప్రశ్న ఆచరణలో పెద్దదవుతుంది.

మరొక విషయం. దిగులుకు కారణం అడిగినప్పుడు లైంగిక వేధింపు బయటపడవచ్చును. పోక్సో చట్టం, 2012 ప్రకారం అటువంటి సంగతి తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలుపవలసి ఉన్నది, తెలుపకున్న శిక్షార్హం. కావున "నీవు చెప్పినది ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాట ఇచ్చుట తప్పు. ఏది దాచగలరో, ఏది దాచలేరో ప్రశ్నావళి ఇచ్చుటకు ముందే చెప్పవలెను.

ఇతర దేశాలలో

అమెరికాలోని నివారణ సేవల కార్యదళం 12 నుండి 18 సంవత్సరాల వారికి కుంగుబాటు స్క్రీనింగ్ చేయవచ్చునని 2009 లో సూచించినది. నిర్ధారణకు, చికిత్సకు తగిన ఏర్పాట్లు ఉన్నచోటనే అన్న నియమాన్ని అప్పుడు జోడించినది. 2016, 2022 లలో కూడా ఈ వయసు వారికి స్క్రీనింగ్ ను సిఫారసు చేసినది. అంతకన్నా చిన్న పిల్లల విషయంలో ఆధారాలు చాలవని పేర్కొన్నది. పెన్సిల్వేనియాలోని 14 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో 12,909 మంది విద్యార్థులపై జరిగిన అధ్యయనం 2021 లో వెలువడినది. అందరికీ పరీక్ష చేసిన తరగతులలో, ప్రవర్తనను బట్టి మాత్రమే పంపిన తరగతులతో పోల్చినప్పుడు, కుంగుబాటు లక్షణాలు గుర్తించబడే అవకాశం దాదాపు ఆరు రెట్లు, చికిత్స మొదలయ్యే అవకాశం రెండు రెట్లకు పైగా ఉన్నట్లు తేలినది. అల్లరి చేసే పిల్లవాడు ఎలాగైనా కంటబడుతాడు, వెనుక బల్లపై మౌనంగా కూర్చొనే పిల్ల ప్రశ్నావళి వలన మాత్రమే బయటపడుతుంది.

వ్యతిరేకత కూడా ఉన్నది. కొలంబియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడిచిన టీన్ స్క్రీన్ కార్యక్రమంపై, తల్లిదండ్రుల స్పష్టమైన అనుమతి లేకుండా పరీక్ష చేశారని ఇండియానా రాష్ట్రంలో 2005 లో దావా పడినది. ఆ కార్యక్రమం 2012 లో ముగిసినది. ఇల్లినాయి రాష్ట్రం 2025 జూలై 31 న ఆమోదించిన చట్టం ప్రకారం 2027-28 విద్యా సంవత్సరం నుండి ప్రభుత్వ బడులలో 3 నుండి 12 తరగతుల పిల్లలకు ఏడాదికి ఒకసారి మానసిక ఆరోగ్య స్క్రీనింగ్ జరుపవలసి ఉన్నది. వద్దనుకొనే తల్లిదండ్రులు తప్పుకొనవచ్చును. చికాగో శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ పరీక్ష పరిధిలోకి వస్తారు.

గుర్తించిన తరువాత

తేలికపాటి కుంగుబాటు ఉన్న పిల్లలకు మందులు అవసరం రాకపోవచ్చును. వారం వారం మాట్లాడుట, నిద్ర, ఆట సరిచేయుట, ఇంటివారితో సంప్రదించుట, ఆలోచనల తీరును మార్చే సంభాషణ చికిత్స పనిచేస్తాయి. తీవ్రమైన స్థితిలో వైద్యుని పర్యవేక్షణలో ఫ్లూఆక్సెటిన్ వంటి మందు ఇస్తారు. మొదటి వారాలలో పిల్లవాడిని దగ్గరగా గమనించవలెను, మందు హఠాత్తుగా మానరాదు.

2022 అక్టోబరు 10 న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరును విద్యా సంస్థలలో, వసతి గృహాలలో అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో ప్రదర్శించవలెనని పైన పేర్కొన్న 2025 తీర్పు ఆదేశించినది.